హాజరు బట్టలో పసుపు పోగు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాదు. నా కూతురు టీచరు ఉద్యోగం నుంచి రిటైరయి ఇంటికి వచ్చేనాటికి నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఏళ్ళ తరబడి ఎదురుగా పిల్లల్ని కూర్చోబెట్టుకున్న మనిషికి ఒక్కసారిగా ఎదురుగా ఎవరూ లేకపోయేసరికి చేతులు ఆడలేదు. నన్ను కూర్చోబెట్టింది. పలక, బలపం, అ ఆలు, అన్నీ మొదటి నుంచి. నేను వంకర రాస్తే మొట్టికాయ ఒకటే తక్కువ. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాను. ఈ కాగితాల్లో ఒత్తులు మాత్రం దిద్దమని, ఇంకేమీ ముట్టుకోవద్దని చెప్పి దాని చేతికే ఇచ్చాను.

రెండో కారణం కూడా ఉంది. అక్షరాలు వచ్చి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో చుట్టాలకు జాబులు రాశాను, పచ్చళ్ళ కొలతలు రాశాను, ఇది రాయలేదు. ఇందులో నేను మంచిదాన్నిగా కనబడను.

బడుల్లో కొత్తగా ఉద్యోగాలకు చేరుతున్న మీలాంటి పిల్లలు మా ఇంటికి వచ్చి నా కూతుర్ని పాత సంగతులు అడుగుతుంటారు. అది నావైపు చూపించి, ఆ బడి మొదలైనప్పుడు అక్కడ ఉన్నది మా అమ్మ, ఆమెను అడగండి అంటుంది. అడిగినప్పుడల్లా మట్టి బొమ్మల గురించి, పాటల గురించి చెప్పి పంపేశాను. ఇక మిగతాది చెప్తాను.

నేను ఆదోనిలో ఆ బడికి ఆయాను. ఊడ్చడం, నీళ్ళు పట్టడం, గంట కొట్టడం నా పని. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నూలు దొరకని రోజులొచ్చి మా ఇంటాయన మగ్గం గుంట పూడ్చేసి, నన్నూ పిల్లనూ వెంటబెట్టుకుని ఆదోనికి వచ్చి, పత్తిలోంచి గింజలు తీసే జిన్ను మిల్లులో చేరాడు. కర్నూలు రాజధాని అయిన రోజులు అవి.

బడి పెట్టిన ఆయనను మేమంతా పెద్దయ్యవారు అనేవాళ్ళం. అంతకు ముందు ఆయన వేరే బడిలో డ్రాయింగు మాస్టరు. ఆ బడి వాకిలికి తొమ్మిది మెట్లు. ఒక కాలు సన్నబడిపోయిన పిల్లవాణ్ణి వాళ్ళ నాయన ఎత్తుకొచ్చి చేర్చబోతే, రోజూ ఈ మెట్లు ఎవరు ఎక్కిస్తారని తిప్పి పంపారట. డ్రాయింగు మాస్టరు ఆ పిల్లవాడి వెంట మెట్లు దిగి, కింద కూర్చుని, నేల మీద బొగ్గుతో వాడిచేత ఎద్దు బొమ్మ వేయించడం మొదలుపెట్టాడు. పైకి రమ్మని కబురు వచ్చింది. పోలేదు. ఆ రోజు దిగిన మెట్లు ఆయన మళ్ళీ ఎక్కలేదు. మా బడి చరిత్ర అదే. రాసుకుంటే అర పేజీ కూడా రాదు.

బడికి చోటు వెతుకుతూ ఆయన ఒక సేటు గారి పాత పత్తి గోదాము చూడటానికి పోయాడు. ఇల్లు చూడబోయినవాళ్ళు గోడలు చూస్తారు, కప్పు చూస్తారు. ఆయన వాకిలి ఒక్కటే చూశాడని అమ్మగారు నవ్వేది. పత్తి బేళ్ళు దొర్లించుకోవడానికి మెట్లకు బదులు రాళ్ళు ఏటవాలుగా పరిచి ఉన్నాయి. అది చూసి సరేనన్నాడు. ఆ కాలు సన్నని పిల్లవాడు ఆ వాలు మీద చేతులూనుకుంటూ ఎవరి సాయమూ లేకుండా లోపలికి వచ్చేవాడు. దిగేటప్పుడు జారుడు బండ. మిగతా పిల్లలకు వాడంటే అసూయ.

అమ్మగారు అంటే పెద్దయ్యవారి భార్య. హొళగుంద వైపు మనిషి. పాఠం ఏదైనా ముందు పాటగా కట్టేది. మామూలుగా తెలుగే మాట్లాడేది, కోపం వస్తే కన్నడంలోకి పోయేది. కన్నడం వినబడిందంటే పిల్లలందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు.

ఒక గుడి అర్చకుడి మనవడు, మండీ హమాలీ సాయిబు ఇద్దరు ఆడపిల్లలు, గోనెగండ్ల వైపు నుంచి కూలికి వచ్చిన కిరస్తానీవాళ్ళ పిల్లలు, మావంటి మగ్గాలవాళ్ళ పిల్లలు, అందరూ అక్కడే. మొదట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలని పేచీలు వచ్చాయి. పెద్దయ్యవారు దాని మీద ఒక్క మాట మాట్లాడలేదు. కూర్చునే పాఠం తగ్గించి చేసే పాఠం పెంచాడు. తుంగభద్ర పారే దారి తడిమట్టిలో చేయాలి, మట్టి పిసకడానికి ఇద్దరు కావాలి. ఎక్కాలు తప్పెట మీద చెప్పాలి, ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టాలి. మోచేతుల దాకా ఒకే మట్టి పూసుకున్నాక పేచీలు వాటంతట అవే తగ్గాయి. పూర్తిగా పోలేదు. పోయాయని రాస్తే అబద్ధమవుతుంది.

హాజరు బట్ట నా వల్ల మొదలైంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాతి సంగతికి అవసరం.

ఎంతమంది పిల్లలు వచ్చారని అమ్మగారు రోజూ పొద్దున నన్ను అడిగేది. నాకు లెక్క ఇరవై దాకా బాగానే వచ్చు, ఆ తర్వాత తడబడేదాన్ని. అందుకని పిల్ల లోపలికి రాగానే కిటికీ ఊచకు ఒక నూలు ముక్క ముడివేసేదాన్ని. పెద్దయ్యవారు ఒకరోజు ఆ ముడులు చూసి, ఒక్కదాన్ని పట్టుకుని, ఇది ఎవరిదమ్మా అని అడిగాడు. అన్నీ తెల్లవే కదా సార్, ఎట్లా చెప్పేది అన్నాను. మరి రంగులుంటేనో, అన్నాడు.

పది రోజుల్లో మా ఇంటాయన చిన్న మగ్గం ఒకటి బిగించి ఇచ్చాడు. నిలువున తెల్లని పడుగు పోగులు. పిల్లకొక రంగు, ఆ రంగు నూలుతో పిల్లకొక నాడె, అంటే అడ్డం పోగు పోనిచ్చే చెక్క. పొద్దున రాగానే ఎవరి నాడె వాళ్ళు తీసుకుని ఒకసారి అటు పోనిచ్చి, ఒకసారి ఇటు రానివ్వాలి. హాజరు అయిపోయింది. రోజు చివర నేను ఒక నల్ల పోగు వేసేదాన్ని. రెండు నల్ల పోగుల మధ్య ఎన్ని రంగులుంటే ఆ రోజు అంతమంది. రంగులు చాలక కొందరికి రెండు రంగులు కలిపి పేనాము. అర్చకుడి మనవడికి ఎరుపూ నలుపూ వచ్చింది, వాడు రెండేళ్ళు దాన్ని గురించి బాధపడ్డాడు.

చదువు రాని తల్లులు వచ్చి ఆ బట్ట మీద వేలు పెట్టి తమ పిల్ల రంగు వెతుక్కునేవాళ్ళు. రంగు లేని రోజు కనబడితే, ఆ పొద్దు యాడికి పోయింటివిరా అని అక్కడే చెవి పట్టుకునేవాళ్ళు.

ఆ బట్టకు ఒకే ఒక నియమం. నేసింది విప్పకూడదు. వదులైనా, వంకరపోయినా అట్లాగే ఉండాలి. ఒక పిల్ల తన పోగు బాగాలేదని ఏడిస్తే పెద్దయ్యవారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"పలక మీద తప్పు తుడుచుకోవచ్చు పాపా. ఈడ తుడిచేది లేదు. నిన్న జరిగింది జరిగినట్టే ఉండల్ల."

నా చేతులకు ఆ నియమం పట్టలేదు. పుట్టిన దగ్గర నుంచీ మగ్గం చూసిన కళ్ళు. అంచున పోగు వదులుగా ఉంగరంలా వేలాడుతుంటే నాకు అన్నం సహించేది కాదు. ఎవరూ చూడనప్పుడు వేలి కొసతో లాగి బిగించేదాన్ని. పెద్దయ్యవారు ఒకసారి చూసి వద్దమ్మా అన్నాడు. సరే సార్ అన్నాను. తర్వాత కూడా లాగాను, ఆయన లేనప్పుడు.

అందరికంటే పెద్ద ఉంగరాలు వదిలేది పసుపు దారం పిల్ల.

దానికి తొమ్మిదేళ్ళు. చెవులు వినబడవు, మాట రాదు. తల్లి మా ఇంటాయన పనిచేసే మిల్లులోనే పత్తిలో ఆకులు ఏరే పని చేసేది. మా బడికి వచ్చేదాకా ఆ పిల్ల పత్తి బస్తాల మధ్య కూర్చుని ఉండేదట. మా దగ్గర తప్పెట మీద అరచెయ్యి ఆనించి, పక్కవాళ్ళు కొట్టే దెబ్బలు చేతితో విని, ఐదో ఎక్కం నేర్చుకుంది. లెక్క సరిపోయిన సంతోషానికి ఒక కేక వేసేది. గొంతు ఎంత పెద్దదో దానికి తెలియదు కదా. గోదాము కప్పు కింద ఆ కేక తిరిగేది. మాకు అలవాటు. కొత్తవాళ్ళు మాత్రం ఉలిక్కిపడేవాళ్ళు.

అందరికీ అది చేత్తో పేర్లు పెట్టింది. పెద్దయ్యవారంటే మీసం తిప్పేది. అమ్మగారంటే గొంతు మీద అరచెయ్యి. నేనంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి దారం పేనినట్టు తిప్పేది. తన పోగును నేను బిగించినట్టు కనిపెడితే, ఆ సైగ చేసి, నావైపు కళ్ళెర్రజేసి, మళ్ళీ వదులు చేసుకునేది. మూడేళ్ళలో ఒక్క రోజు కూడా బట్టలో పసుపు లేకుండా పోలేదు.

ఇక జరిగింది.

మా బడికి సర్కారు గుర్తింపు లేదు. అందరూ చిన్నపిల్లలుగా ఉన్నన్నాళ్ళూ దాంతో పని పడలేదు. ఆ ఏడు ముగ్గురు ఎనిమిదో తరగతికి వచ్చారు. గుర్తింపు లేని బడి పిల్లలను సర్కారు పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పాసైతే టీచరు ట్రైనింగుకు పోవచ్చు. ఆ ముగ్గురిలో ఒకరు నా కూతురు. దాని రంగు నీలం. టీచరు కావాలని అది ఎనిమిదో ఏట నుంచే మేకపిల్లలకు పాఠాలు చెప్పేది.

పెద్దయ్యవారు దరఖాస్తు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు ఫలానా రోజు వస్తాడని జాబు వచ్చింది. అదే వారంలో గోదాము ఇచ్చిన సేటు ఎందుకో లోపలికి వచ్చాడు. అప్పుడే పసుపు దారం పిల్ల లెక్క సరిపోయి కేక వేసింది. సేటు అదిరిపడి, చెమట తుడుచుకుంటూ నాతో అన్నాడు, ఇట్లాంటి పిల్లలుంటే సర్కారువాళ్ళు దీన్ని బడి అంటారా, ఆసుపత్రి అంటారా అని. ఆయన చెడ్డవాడు కాదు. అనేసి మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు.

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందురోజు సాయంత్రం మిల్లు కూత వేసే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల తల్లి తల నిండా దూదితో బయటికి వచ్చింది. రేపు ఒక్కరోజు పాపను పంపవద్దని చెప్పాను.

"యాలక్కా?" అంది.

పెద్ద మనిషి వస్తున్నాడు, పాప అరిస్తే బాగుండదు, ఒక్కరోజే కదా అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చూసింది.

"ఈ మాట నీదా అక్కా, పెద్దయ్యవారిదా?"

నాదంటే ఆమె వినదు. అది నాకు తెలుసు. ఆయన మాటంటే ఎదురు చెప్పదు. అదీ తెలుసు.

"ఆయనదే," అన్నాను.

"ఆయప్ప గూడ అనినాడా," అంది. తర్వాత, "సర్లేక్కా. దానికెట్ల సెప్పల్లనో నాకైతే తెల్దు," అని నడిచి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున పెద్దయ్యవారు ఇన్‌స్పెక్టరును తీసుకురావడానికి రైలు స్టేషనుకు పోయాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నాడె వేసి పోయారు. నా కూతురు నీలం వేసింది. అంతా అయ్యాక బట్ట చూస్తే, నాకు మిగతా రంగులేవీ కనబడలేదు, పసుపు లేకపోవడం ఒక్కటే కనబడింది. పెద్దయ్యవారు రోజూ వాకిట్లోకి రాగానే ముందు బట్ట చూసేవాడు. ఈ రోజు కూడా చూస్తాడు. పక్కన ఇన్‌స్పెక్టరు ఉండగానే, పసుపు ఏదమ్మా అంటాడు. మిల్లు ఇళ్ళు పిలుపు దూరం. ఎవరినో పంపి పిలిపిస్తాడు.

అమ్మగారు లోపల పిల్లల చేత పాట పాడిస్తోంది. నేను పసుపు నాడె తీసి ఒకసారి అటు పోనిచ్చి, ఒకసారి ఇటు లాగాను. ఎంతసేపు, కన్ను మూసి తెరిచేంత. ఆ తర్వాత గుండె కుదుటపడింది.

ఇక్కడ మీరు నవ్వవచ్చు. పెద్దయ్యవారి బల్ల మీద హాజరు పుస్తకం ఒకటి ఉంది. రోజూ దాన్ని దులిపి పెట్టేది నేనే. ఆయన బడిలో లేనప్పుడు అమ్మగారు అందులో హాజరు వేసేది. ఆ రోజు కూడా వేసింది, పసుపు పాప రాలేదేమని నన్ను అడిగింది కూడా. జ్వరమట అన్నాను. సరేనని లోపలికి పోయింది. ఆ పుస్తకంలో ఉన్నదీ ఈ బట్టలో ఉన్నదీ ఒకటే సంగతని, ఒకటి దాచాలంటే రెండోదీ దాచాలని నాకు తట్టనే లేదు. నాకు హాజరంటే బట్టే. పుస్తకం అంటే దులిపేది.

ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి. చంకలో గొడుగు. పెద్దయ్యవారు వస్తూనే బట్ట వైపు ఒక చూపు చూసి, పసుపు కనబడేసరికి, ఆయన వెంట లోపలికి పోయాడు. ఎక్కువ మాట్లాడలేదు. మట్టిలో తుంగభద్ర చూశాడు, వేలు పెట్టి మంత్రాలయం ఎక్కడని అడిగాడు, పిల్లలు చూపించారు. నా కూతురి చేత పుస్తకం చదివించాడు. లెక్క ఇచ్చాడు. అది చేసింది. మంచిది అన్నాడు. ఆ మాటకు నేను చీపురు పట్టుకుని తలుపు చాటున నిలబడి మొక్కుకున్నాను.

మధ్యాహ్నమైంది. పిల్లలు సగం మంది అన్నాలకు ఇళ్ళకు పోయారు. ఇక అయిపోయిందనుకున్నప్పుడు ఆయన మగ్గం ముందు ఆగి, మీరు దరఖాస్తులో రాసింది దీని గురించేనా అని అడిగాడు. పెద్దయ్యవారి మొహం వెలిగింది. అవును సార్, మా ఆయమ్మకు చదువు రాదు, ఆమె హాజరు ఇది, నాకు చదువు వచ్చు, నా హాజరు ఆ పుస్తకం, మూడేళ్ళలో ఒక్కనాడు కూడా రెండింటికీ తేడా రాలేదు, చూడండి అన్నాడు.

చూడండి అన్నాడు కాబట్టి ఇన్‌స్పెక్టరు చూశాడు. పెన్సిలు మొనతో ఒక్కొక్క రంగూ లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది. పుస్తకం తెప్పించుకుని చూశాడు. ఇరవై ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఈ రెండింటిలో ఏది నిజం?" అన్నాడు.

అమ్మగారు పుస్తకం చూడలేదు. వంగి బట్ట చూసింది. పసుపు పోగు అంచున ఉంగరం లేదు. సూదితో కుట్టినట్టు బిగువుగా ఉంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. తను వేసిన హాజరు సరైనదని ఆమెకు తెలుసు. ఒక్క మాట చెప్తే చాలు. చెప్పలేదు.

పెద్దయ్యవారు మాత్రం ఇప్పుడు బట్ట చూడనే లేదు. చూడవలసిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

"బట్ట తప్పు పోదు సార్. పుస్తకంలోనే ఎవరినో వదిలేసింటాము. దిద్దుతాను," అని మూత తిప్పాడు.

ఆ పెన్ను మూత ఊడి రావడానికి పట్టినంత సేపే నాకు సమయం. నా కూతురు ఆ పక్కనే నిలబడి ఉంది. ఆ పెన్ను కాగితానికి తగిలితే అది పరీక్షకు పోతుంది. ఊరుకుంటే చాలు. నిజం ఉన్న చోట ఆయన తన చేత్తో అబద్ధం రాస్తాడు, అదీ నన్ను నమ్మి.

"దిద్దొద్దు సార్," అన్నాను. "ఆ పసుపు పోగు నేనేసింది. పాప రాలేదు."

ఇన్‌స్పెక్టరు గొడుగు ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, ఎందుకు రాలేదని అడిగాడు.

"నేనే రావద్దంటి. ఆ పాపకు సెవులు ఇనబడవు, గట్టిగా అరుస్తాది. మీరు సూస్తే ఇది బడి కాదంటారని."

"ఎవరు చెప్పారు అట్లా అంటానని?"

"యెవురూ సెప్పలేదు సార్. నేనే అనుకుంటి."

ఆయన హాజరు పుస్తకం మూసి పెద్దయ్యవారి చేతికి ఇచ్చాడు. పుస్తకం సరిగానే ఉంది, అది రాస్తాను అన్నాడు. తర్వాత వాలు దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్న మాట ఇది.

"దాచిన పిల్లను చూడకుండా ఈ బడిని చూశానని నేను సంతకం పెట్టలేను. మళ్ళీ వస్తాను."

మళ్ళీ వచ్చాడు, నాలుగు నెలలకు. ఆ రోజు పసుపు దారం పిల్ల తప్పెట మీద ఏడో ఎక్కం చెప్పి కేక వేసింది, ఆయన చేతిలో గొడుగు కింద పడింది, ఆ పిల్లే తీసి ఇచ్చింది. గుర్తింపు వచ్చింది. కానీ అప్పటికి ఆ ఏటి పరీక్షకు గడువు దాటిపోయింది. ముగ్గురికీ ఏడాది పోయింది. తక్కిన ఇద్దరి తల్లిదండ్రులు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇది తర్వాతి సంగతి. ఆ సాయంత్రానికి వస్తాను. పిల్లలు పోయాక పెద్దయ్యవారు నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను, పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. ఆయన మగ్గం ముందు కూర్చుని ఆ పసుపు పోగునే చూస్తున్నాడు. విప్పేయమంటారా సార్ అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఒకటే అడిగాడు.

"ఆ తల్లికి ఏమని చెప్పినావమ్మా?"

ఇన్‌స్పెక్టరు ముందు అంత ధైర్యంగా మాట్లాడిన దాన్ని, దీనికి మాత్రం నేలవైపు చూశాను. నేను తన పేరు చెప్పానని ఆయనకు అర్థమైంది. తనకు తెలియకుండానే తను కూడా, ఆ పాత బడివాళ్ళలాగే, ఆ పిల్లను మెట్లు దింపి పంపాడని అర్థమైంది. లేచి, దీపం వేళయింది, ఇంటికి పో అన్నాడు. అమ్మగారు ఆ రోజు కన్నడంలో కూడా ఏమీ అనలేదు.

ఇంట్లో నా కూతురు అన్నం ముందు కూర్చుని తినకుండా కలుపుతూ ఉంది. నీ కోసమే కదా అనబోయాను. అది నా మాట పూర్తి కానివ్వలేదు.

"నా కోసరం జేసినానని మాత్రం యాడా సెప్పాకుమా," అంది.

ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు రాశాను. ఈ కాగితాల్లో ఆ మాట అది చదివి, ఒత్తు దిద్ది ఊరుకుంది.

మరునాడు తెల్లవారగానే మిల్లు ఇళ్ళకు పోయాను. ఆ తల్లి వాకిట్లో కూర్చుని కూతురికి తల దువ్వుతోంది. బడికి కాదు, తన వెంట మిల్లుకు తీసుకుపోవడానికి. పిల్ల నన్ను చూసి వేళ్ళు తిప్పలేదు. మొహం తిప్పుకుంది. నేను నిలబడే చెప్పాను.

"పెద్దయ్యవారు అనలేదమ్మా. నేనే ఆయన పేరు జెప్తి. ఆయనకు తెలియను గూడ తెలియదు."

ఆమె దువ్వెన ఆగలేదు. జడ మొత్తం అల్లి, ముడి వేసి, అప్పుడు నన్ను చూసింది.

"నిన్న గొళ్ళెం పెట్టి పోతి. ఇది పగలంతా తలుపు సందులోంచి పిల్లోళ్ళు పోయేది, వచ్చేది సూసింటాది. నేను పత్తి ఏరుకుంటా ఆయప్పను తిడితిని. దేవునట్ల మనిసని నమ్మితి గదరా అని తిడితిని. ఆ తిట్లు యెవురు ఎనక్కి తీసుకోవల్లక్కా?"

ఆమె జవాబు కోసం చూడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. నేను ఆ పిల్ల రెండో చెయ్యి పట్టుకోబోతే తన కొంగు అడ్డం పెట్టి, నువ్వు ముందు నడువు అంది. నేను ముందు నడిచాను. వాళ్ళు వెనక వచ్చారు. మిల్లు కూత వేసినా ఆమె అటు తిరగలేదు.

బడిలో అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. తల్లి ఏటవాలు రాళ్ళ మీదే నిలబడిపోయింది. పిల్ల మగ్గం దగ్గరికి పోయింది. ముందురోజు నల్ల పోగు నేను వేయలేదు, మరిచిపోయాను. దాని చూపు సూటిగా ఆ పసుపు మీద పడింది. వంగి అంచు తడిమి చూసింది. ఉంగరం లేదు. తలెత్తి నావైపు తిరిగి, ఆ పోగు మీద వేలు పెట్టి, రెండో చేత్తో దారం పేనినట్టు బొటనవేలూ చూపుడువేలూ తిప్పింది.

అవునని తల ఊపాను.

అది నన్ను చూసింది. తర్వాత నల్ల నాడె తీసి నా చేతిలో పెట్టింది. నేను నల్ల పోగు వేసి, నిన్నటిని నిన్నటితో ముగించాను. అది తన పసుపు నాడె తీసుకుని ఒకసారి అటు పోనిచ్చి, ఒకసారి ఇటు లాగింది. అంచున ఎప్పటిలాగే పెద్ద ఉంగరం వేలాడింది.

నా వేలు దాని దగ్గర దాకా పోయింది. వెనక్కి తీసుకుని, గంట కొట్టడానికి పోయాను.